నర్సీపట్నం కమాన్ల షెడ్డు: ఏజెన్సీ రోడ్లలో తిరిగే బండ్లకు సస్పెన్షన్, స్టీరింగ్ పని

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే రోడ్డులో, ఊరు దాటుతుండగా రేకుల కప్పుతో ఒక పాత వర్క్‌షాపు కనిపిస్తుంది. బోర్డు మీద యజమాని పేరు ఎండకు వెలిసిపోయింది గానీ ‘కమాన్ పట్టీలు, స్టీరింగ్ పని, వీల్ అలైన్‌మెంట్’ అన్న అక్షరాలకు మాత్రం ఎప్పటికప్పుడు రంగు వేయిస్తుంటారు. ఘాట్ ఎక్కి దిగే డ్రైవర్లందరూ దాన్ని కమాన్ల షెడ్డు అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. కమాన్లంటే బండి బరువు మోసే వంపు ఇనుప పట్టీలు. మిరియాలు, కాఫీ గింజలు, పసుపు కొని కిందికి తోలే వ్యాపారం మాది. ఇంటి అవసరాలకు ఒక బొలెరో, సరుకుకు ఒక టాటా ఏస్ ఉన్నాయి. రెండింటికీ ముందు చక్రాల పని, కమాన్ల పని కొన్నేళ్లుగా ఇక్కడే చేయిస్తున్నాము. లోపం ఎక్కడుందో తేల్చకుండా సామాను మార్చరు అన్నది ఈ షెడ్డులో నాకు నచ్చిన గుణం. చెప్పిన వేళకు బండి చేతికివ్వరు అన్నదీ అంతే నిజం.

మైదానంలో తిరిగే కారుకూ మా వైపు తిరిగే బండికీ సస్పెన్షన్ అరిగే తీరులో చాలా తేడా ఉంటుంది. లంబసింగి ఘాట్‌లో మలుపు వచ్చిన ప్రతిసారీ స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. దిగేటప్పుడు బరువంతా ముందు చక్రాల మీదికి వస్తుంది, ఆ బరువు మీదే బ్రేకు వేయాలి, బ్రేకు వేసిన చోటే గుంత ఎదురవుతుంది. రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా వెళ్లే 516ఇ జాతీయ రహదారి విస్తరణ మొదలయ్యాక పూర్తయిన ముక్కలు హాయిగా ఉన్నాయి గానీ, కల్వర్టులు కట్టిన చోట్లల్లా కంకర పరిచిన మళ్లింపుల మీద మేము బండ్లు నడిపాము. గూడెం కొత్తవీధి దాటి లోపలి ఊళ్లకు పోతే తారు ఉన్న చోట అంచులు విరిగి ఉంటాయి, తారు లేని చోట వాన నీరు కోసిన చాళ్లు ఉంటాయి. దానికి తోడు జూన్ నుంచి అక్టోబరు దాకా వాగుల్లో దిగి లేచే బండ్లకు, జాయింట్‌ను కప్పి ఉంచే రబ్బరు బూటు కాస్త చిరిగి ఉంటే చాలు, బురద నీరు జాయింట్ లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. ఆ తర్వాత జాయింట్ పాడవడానికి ఎంతో కాలం పట్టదు.

గత వానాకాలం వెళ్లాక మా బొలెరోలో ముందు ఎడమ పక్క నుంచి దడ్‌మని చప్పుడు రావడం మొదలైంది. బ్రేకు వేసినప్పుడల్లా బండి కొద్దిగా ఎడమకు లాగేది. తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగ్ చక్రం వేలెడు మేర ఉత్తినే ఆడేది. మొదట వేరే పట్టణంలో ఒక గ్యారేజీలో చూపిస్తే, చప్పుడు వినీ వినగానే షాక్ అబ్జార్బర్లు పోయాయని తేల్చి, రెండూ మార్చి, చక్రాన్ని ఫ్రేముకు కలిపే ఎడమ ఆర్మ్‌కు బుష్ (లోపల రబ్బరు ఉండే ఇనుప గొట్టం) కూడా కొత్తది వేశామని చెప్పి పంపారు. కొన్నాళ్లు నిమ్మళంగా ఉంది. తర్వాత షాకులు కొత్తవే, చప్పుడు పాతదే.

కమాన్ల షెడ్డులో పెద్ద మేస్త్రి గారు బండిని వెంటనే జాకీ మీదికి ఎక్కించలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని షెడ్డు వెనక ఉన్న కంకర దారిలో మెల్లగా, ఆ పైన తారు రోడ్డు మీద కాస్త వేగంగా నడిపి చూశారు. చక్రాలు నేల మీద ఉండగానే కుర్రాణ్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, ‘ఇంజను ఆఫ్ చేయకుండా అటు కొంచెం, ఇటు కొంచెం ఆడిస్తూ ఉండరా’ అని చెప్పి తాను గొయ్యిలోకి దిగారు. ఒక్కొక్క జాయింట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు వేరే వైపు పెట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత నన్ను కూడా దిగమని ఎడమ టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే రాడ్డు చివరి జాయింట్) మీద నా చేయి పెట్టించారు. కుర్రాడు స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ముందు రాడ్డు కదిలి, రెప్పపాటు తర్వాత గాని చక్రం కదలకపోవడం వేళ్లకు స్పష్టంగా తెలిసింది. కుడి వైపు జాయింట్ మీద చెయ్యి పెడితే ఆ తేడా లేదు. బరువు నేల మీద ఉన్నప్పుడే ఈ సందు బయటపడుతుందని, చక్రాన్ని గాలిలోకి లేపితే జాయింట్ మీద ఒత్తిడి పోయి ఒక్కోసారి సందు దొరకకుండా పోతుందని ఆయన చెప్పారు.

ఆ తర్వాతే చక్రం లేపారు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే కొద్దిగా ఆడింది. అది వీల్ బేరింగ్ లూజా, బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండు జాయింట్) లూజా అన్నది తేల్చడానికి కుర్రాణ్ని బ్రేకు తొక్కి పట్టమన్నారు. బ్రేకు పడినప్పుడు చక్రం బిగించి ఉండే హబ్బు కదలకుండా బిగుసుకుంటుంది కాబట్టి, అప్పుడు ఆట ఆగిపోతే లోపం బేరింగ్‌దని, ఆగకపోతే బాల్ జాయింట్‌దని అర్థం. మా బండికి ఆగిపోయింది. బేరింగ్ విప్పి చూస్తే గాట్లు పడలేదు, రంగు మారలేదు. కొత్త గ్రీజు కూరి, నట్టు బిగింపు సరిచేస్తే సరిపోయింది. మరో చోటైతే బేరింగ్, బాల్ జాయింట్ రెండూ బిల్లులోకి ఎక్కేవని నా నమ్మకం.

చప్పుడుకు అసలు కారణం మాత్రం ఎడమ లోయర్ ఆర్మ్ బుష్. ఆర్మ్ విప్పి బల్ల మీద పెట్టాక దాన్ని దగ్గర నుంచి చూశాను. నడుమ ఉండే ఇనుప గొట్టాన్ని చుట్టూ పట్టి ఉంచాల్సిన రబ్బరు మెలిపడి సగం చుట్టు చిరిగిపోయింది. గొట్టం ఒక పక్కకు ఒరిగి బయటి ఇనుప కవచానికి తగులుతోంది. తగిలిన చోట తుప్పు పోయి ఇనుము తెల్లగా నునుపు తేలింది. దడ్‌మన్న చప్పుడు అక్కడిదే. బ్రేకు వేయగానే ఆర్మ్ ఆ చిరిగిన మేర వెనక్కి జరిగి చక్రం దిశ మారిపోవడం వల్లే బండి ఎడమకు లాగేది.

కొత్త బుష్ అంత త్వరగా ఎందుకు చిరిగింది అన్న ప్రశ్నకు మేస్త్రి గారు ఇచ్చిన వివరణ చాలామంది వాహనదారులకు పనికొస్తుందని ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఈ రకం బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి కవచానికీ అంటుకుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఫ్రేముకు కదలకుండా పట్టేస్తుంది, ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు రబ్బరే మెలితిరిగి తిరిగి యథాస్థానానికి వస్తుంది. బండి జాకీ మీద ఉండి చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బోల్టు బిగిస్తే, వేలాడే ఆ స్థితే రబ్బరుకు అసలు స్థితి అయిపోతుంది. తర్వాత బండిని దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది, బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలిక పోదు. దాని మీద గుంతల దెబ్బలు పడితే చిరగకుండా ఎలా ఉంటుంది? ఇక్కడ కొత్త బుష్ వేశాక బోల్టును చేతి బిగువుతో వదిలేసి, బండిని నేల మీదికి దించి, బానెట్ మీద రెండు మూడు సార్లు నొక్కి ఊపి, సస్పెన్షన్ తన ఎత్తుకు వచ్చి నిలిచాక గొయ్యిలో పడుకుని టార్క్ రెంచ్‌తో బిగించారు. ఈ ఒక్క పనికి పట్టే అదనపు శ్రమ పావుగంట కూడా ఉండదు, అయినా చాలా చోట్ల చేయరు.

బుష్‌లను సుత్తితో కొట్టి ఎక్కించకుండా హైడ్రాలిక్ ప్రెస్‌తో దించుతారు. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు మర చుట్లున్న చివర మీద సుత్తితో కొట్టకుండా పుల్లర్ వేసి లాగుతారు. నట్టు ఊడకుండా అడ్డంగా పెట్టే పాత స్ప్లిట్ పిన్నును సాగదీసి మళ్లీ పెట్టడం నేను ఇక్కడ చూడలేదు, రెండు రూపాయల పిన్ను అయినా కొత్తదే పెడతారు. ఘాట్ దిగుతుండగా టై రాడ్ ఎండ్ ఊడితే స్టీరింగ్ డ్రైవరు చేతిలోనే ఉంటుంది గాని చక్రం దాని మాట వినదు. అందుకే ఈ చిన్న విషయాన్ని పెద్దగా చూస్తున్నాను.

ఇక కమాన్ల సంగతి. షెడ్డుకు పేరు తెచ్చింది అదే. టాటా ఏస్‌కు వెనకే కాక ముందు కూడా కమాన్ పట్టీలే ఉంటాయి, ముందు ఇరుసు కూడా అడ్డంగా ఒకే దూలం. అది మోయాల్సిన బరువు ముప్పావు టన్ను చుట్టుపక్కల. అనాస పండ్ల కాలంలో మా వైపు ఏస్‌ల మీద ఎంత ఎక్కిస్తారో అందరికీ తెలిసిందే. మా ఏస్‌లో స్టీరింగ్ నిటారుగా పట్టుకుంటే బండి పక్కకు పోవడం, తిన్నగా పోవాలంటే స్టీరింగ్‌ను కుడికి ఒంచి పట్టుకోవాల్సి రావడం మొదలైనప్పుడు డ్రైవరు అలైన్‌మెంట్ (చక్రాల దిశల పొందిక) పోయిందనుకున్నాడు. మేస్త్రి గారు అలైన్‌మెంట్ మిషను దగ్గరికే పోలేదు. టేపు తీసుకుని ఎడమ పక్క ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమ వరకు, తర్వాత కుడి పక్క అలాగే కొలిచారు. రెండు కొలతలకూ బొటనవేలి వెడల్పు తేడా వచ్చింది. పట్టీలను ఇరుసుకు బిగించే వెనక యు బోల్టులు వదులైపోయి, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి, ఇరుసు ఒక పక్క వెనక్కి జారింది. బండి పీత నడకలో పోతోంది. వెనక ఇరుసు అలా ఉండగా ముందు చక్రాలకు ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా ఆ డబ్బు వృథా అయ్యేది.

పట్టీలు దించి చూస్తే మెయిన్ పట్టీకి చివర గుండ్రంగా చుట్టిన కన్ను దగ్గర వెంట్రుక వాసి పగులు కనిపించింది. దాన్ని మార్చారు. మిగిలిన పట్టీల వంపు తగ్గింది కాబట్టి కొలిమి దగ్గర కొట్టించి వంపు తెప్పిస్తే చవకలో పోతుందని డ్రైవరు అడిగాడు. కాల్చకుండా చల్లగా కొట్టిన పట్టీ నాలుగు లోడ్లకే మళ్లీ కూర్చుంటుందని, ఎర్రగా కాల్చి కొడితే ఫ్యాక్టరీలో ఎక్కించిన పదును పోయి ఇనుము మెత్తబడుతుందని చెప్పి మేస్త్రి గారు ఆ పని ఒప్పుకోలేదు. అదనంగా ఒక పట్టీ ఎక్కించమన్నా ఒక పట్టాన ఒప్పుకోరు. పట్టీ పెరిగితే బండి కిందికి కుంగదు గాని ఆ దెబ్బంతా పట్టీ చివరలను పట్టే షాకిళ్లకూ చాసిస్‌కూ చేరుతుందని, ఆ పట్టీలను చాసిస్‌కు తగిలించే హ్యాంగర్లు రివెట్ల దగ్గర పగిలి వచ్చిన బండ్లను తాను చూస్తూనే ఉంటానని అంటారు. బతిమాలితే వెనక మాత్రం వేస్తారు, ముందు వేయరు. ఈ విషయంలో ఆయనతో గొడవ పడి వేరే షెడ్డుకు పోయిన లోడు బండ్ల వాళ్లు లేకపోలేదు, వాళ్ల తొందర కూడా నాకు అర్థమవుతుంది. ఒక్కో ట్రిప్పులో నాలుగు బస్తాలు తక్కువ వేసుకుంటే బండి అప్పు వాయిదా ఎలా కట్టాలన్నది మేస్త్రి గారు చూసుకునే లెక్క కాదు కదా.

కొత్త యు బోల్టులు వేసిన బండి కొంత దూరం లోడుతో తిరిగాక మళ్లీ తెచ్చి బిగింపు చూపించుకోవాలని చెబుతారు. పట్టీలు ఒకదానిపై ఒకటి సర్దుకునే కొద్దీ బిగువు తగ్గుతుంది, మా ఏస్‌కు జరిగింది కూడా అదే. ఆ బిగింపుకు డబ్బు తీసుకోరు.

అలైన్‌మెంట్ గురించి చెప్పాలంటే, షెడ్డులో కంప్యూటర్ మిషను ఉంది. అయితే ఏస్ లాంటి బండికి ఇరుసు ఒకే దూలం కాబట్టి మామూలుగా సర్దగలిగేది టో ఒక్కటే. చక్రాల ముందు అంచుల మధ్య దూరానికీ వెనక అంచుల మధ్య దూరానికీ ఉండే తేడాను టై రాడ్డు తిప్పి సరిచేస్తారు. దానికి దారం కట్టి చూసినా చాలునని మేస్త్రి గారే చెప్పి, దారంతోనే చేసి, మిషను డబ్బులు వేయలేదు. బొలెరోకు మాత్రం మిషను మీదే చేశారు. మిషను ఎక్కించే ముందు టైర్లలో గాలి సమం చేయడం, అరచేత్తో టైరు గుండీలను అడ్డంగా రాసి చూడడం ఇక్కడ అలవాటు. ఒక వైపు రాస్తే నున్నగా, తిరిగి రాస్తే గరగరగా తగిలితే టో చెడిపోయినట్టు. ఒక అంచు మాత్రమే అరిగి బోడి అయితే వెతకాల్సింది వంగిన ఆర్మ్‌ను, అరిగిన జాయింట్‌ను. ఇది ఎవరి బండికి వాళ్లు ఇంటి దగ్గరే చూసుకోవచ్చు.

సామాను విషయంలో ఈ షెడ్డు పద్ధతి బాగానే ఉంది. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు అయితే బండి కంపెనీవి గాని, రానే లాంటి పేరున్న తయారీదారువి గాని వేస్తారు. పేరు లేని డబ్బాలో వచ్చిన స్టీరింగ్ సామాను మనం కొని తెచ్చినా బిగించరు. షాకులకు గాబ్రియల్ కంపెనీది దొరుకుతుంది. విప్పిన పాత సామాను అంతా ఒక గోనెసంచిలో వేసి బండిలో పెడతారు, అడగనక్కర్లేదు. ధర ముందు డబ్బా మీద ఎం.ఆర్.పి. చూపించి చెబుతారు. మా బొలెరోకు రెండు వైపులా లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఒక జత టై రాడ్ ఎండ్లు, బేరింగ్ పని, అలైన్‌మెంట్ కలిపి 7,000 రూపాయలకు కాస్త అటూ ఇటుగా అయింది. అందులో కూలి మూడో వంతు ఉంటుంది. అంతకుముందు అనవసరంగా మార్చిన షాకుల ధర గుర్తుకొస్తే ఇది నాకు ఎక్కువ అనిపించలేదు.

బిల్లు దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. అడగకపోతే తెల్ల కాగితం మీద మొత్తం ఒకటి వేసి చేతిలో పెడతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటి మీద జీఎస్టీ 18 శాతానికి వచ్చింది. చాలా భాగాల మీద అంతకుముందు 28 శాతం ఉండేది. ఆ తగ్గింపు మనదాకా చేరిందో లేదో తెలియాలంటే విడివిడిగా రాసిన బిల్లు ఉండాలి. పైగా సామాను తొందరగా పాడైతే వారంటీ అడగడానికీ ఆ బిల్లే ఆధారం. గట్టిగా అడిగితే రాసి ఇస్తారు, కానీ అప్పటికి లెక్క చూసే మనిషి భోజనానికి వెళ్లి ఉంటాడు.

వేళ సంగతి ఇంకా అన్యాయం. మధ్యాహ్నానికి ఇస్తామన్న బండి దీపాలు పెట్టే వేళకు వచ్చింది, అదీ రెండుసార్లు ఫోను చేశాక. పెద్ద మేస్త్రి గారు ప్రతి బండి కిందికీ తానే దూరుతారు కాబట్టి పని మీద నమ్మకం పెరుగుతుంది, వరుస మాత్రం కదలదు. ఆయన లేని రోజున చేసిన పనిలో తేడా కూడా తెలుస్తుంది. బొలెరోకు మొదటిసారి అలైన్‌మెంట్ చేసినప్పుడు ఆయన ఊళ్లో లేరు. బండి తిన్నగానే పోయింది గాని స్టీరింగ్ చక్రం కాస్త కుడికి ఒరిగి నిలిచింది. రెండు వైపుల టై రాడ్లనూ సమంగా తిప్పకుండా ఒకే వైపు సర్దేస్తే అలా అవుతుంది. మళ్లీ తీసుకెళితే మారు మాట లేకుండా సరిచేశారు, డబ్బు అడగలేదు. ఘాట్ దిగి ఎక్కిన డీజిలూ సగం రోజూ మాత్రం మావే.

కొన్ని పనులు ఇక్కడ కావు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న చిన్న కార్లలో హెచ్చరిక దీపం వెలిగితే స్కానర్ పెట్టి చూసే ఏర్పాటు లేదు, విశాఖపట్నం వెళ్లాల్సిందే. స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పినప్పుడు పక్కకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) లోపల అరిగితే దాన్ని విప్పి బాగు చేయరు. బయటికి పంపించి తెప్పిస్తారు, దానికి రోజులు పడుతుంది. అయితే రాక్ బూట్లు చిరిగాయేమో ప్రతి బండికీ చూసి చెబుతారు. నీరూ దుమ్మూ లోపలికి పోకముందే ఆ రబ్బరు మార్చుకుంటే రాక్ దాకా ఖర్చు రాదు కాబట్టి, కొండ మీద చిన్న కార్లు నడిపేవాళ్లు అందుకోసమైనా ఒకసారి గొయ్యి ఎక్కించి చూపించుకోవడం మంచిది. తనిఖీకి విడిగా 200 రూపాయలు తీసుకుని, పని అక్కడే చేయిస్తే బిల్లులో తగ్గిస్తారు.

కూర్చోవడానికి ఒక బల్ల, తాగడానికి కుండలో నీళ్లు తప్ప వేరే సదుపాయం లేదు. ఆడవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లు బండి అప్పగించి ఊళ్లోకి పోవడమే నయం. ఉదయం షట్టరు తీసేసరికి అక్కడుంటే పెద్ద మేస్త్రి గారి చేతుల్లోనే బండి పడుతుంది. సంతకు ముందు రోజు సరుకు బండ్లు రోడ్డు దాకా వరుస కడతాయి కనుక ఆ రోజు వెళ్లవద్దు. బండి కింద బురద ముందే కడిగించుకుని వెళ్లాలి. లేకపోతే కడిగేదాకా గొయ్యి మీదికి రానివ్వరు, షెడ్డులో నీళ్ల పైపు ఒక్కటే ఉంది.